ఆరు పట్టీల రోజేర్

రోజేర్ మిషో దేన్నైనా కట్టాడంటే అది కట్టినట్టే. చిక్కల్లా ఏమిటంటే, కట్టిన తర్వాత ఆయన దాన్ని నమ్మడు. అడవి దారుల్లో తిరిగే నాలుగు చక్రాల ఏటీవీని ట్రైలర్ మీదికి ఎక్కించి, ఆరు పట్టీలతో బిగించి, బిగించినవాటిని మళ్లీ బిగించి, బండి కదిలాక దారిలో మళ్లీ దిగి అవి ఉన్నాయో ఊడాయో చూసుకునే మనిషి సెయింట్ జాన్ నది లోయ మొత్తం మీద ఆయనొక్కడే. లోయలో మిగతా మగాళ్ల పద్ధతి వేరు. రెండు పట్టీలు విసిరి, ఒకసారి లాగి, ఏటీవీ సీటు మీద అరచేత్తో రెండు చరుపులు చరిచి, "ఇదిక ఎక్కడికీ పోదు" అంటారు. తాతల నాటి నుంచీ వస్తున్న మంత్రమది. ఆ మాట అనకుండా బండి తీయడం అరిష్టమని నమ్మేవాళ్లు కూడా ఉన్నారు. రోజేర్ మాత్రం జన్మలో ఆ మాట అని ఎరగడు. పక్కవాడెవడైనా అంటే, "అలాగని అది నీకు చెప్పిందా?" అని అడుగుతాడు.

ఒకసారి చర్చిలోని సెయింట్ ఆన్ విగ్రహానికి ముక్కు విరిగితే, బాగుచేయించడానికి పట్నం తీసుకెళ్లే పని రోజేర్‌కి అప్పగించారు. విగ్రహం క్షేమంగా వెళ్లింది, క్షేమంగా వచ్చింది. కానీ దాన్ని విప్పడానికి మూడు గంటలు పట్టింది. ఆదివారం ప్రార్థనకి వచ్చిన జనమంతా చర్చి బయట నిలబడి, అమ్మవారిని విడిపించడం చూశారు. ఫాదర్ వచ్చి, "రోజేర్, ఆవిడ పారిపోతుందనుకున్నావా?" అని అడిగితే, "ఫాదర్, ఆవిడ మీద నాకు నమ్మకం ఉంది. రోడ్డు మీదే లేదు" అన్నాడట.

ఆయన ఆరు పట్టీలకీ పేర్లున్నాయి. ఆరుగురు మేనత్తల పేర్లు. ముందర రెండూ ఆల్బెర్తిన్, బ్లాంష్. వెనక రెండూ జెలియా, ఎల్మీర్. మిగిలిన రెండూ ఫ్లోరిడా, యూఫెమీ. ఇవి పనిచేసేవి కావు, మిగతా నలుగురి మీద నిఘా వేయడానికి. ఈ పేర్లేమిటని ఎవరైనా అడిగితే, "మా మేనత్తలు ఒకసారి చెయ్యి పట్టుకున్నారంటే వదిలేవాళ్లు కాదు" అని చెప్పేవాడు. వాళ్లలో ఇద్దరు ఇంకా బతికే ఉన్నారు. వాళ్లకి ఈ సంగతి తెలుసు, పైగా గర్వం కూడాను.

ఇటువంటి మనిషి చేతిలో పడ్డాడు పాపం ఫెర్నాన్. రోజేర్ భార్య జెర్మేన్‌కి స్వయానా తమ్ముడు. వయసు అరవై ఒకటి. మూస్ వేట పర్మిట్ కోసం సర్కారు తీసే చీటీల్లో ఇరవై రెండేళ్లుగా ఏటేటా పేరు వేస్తూ వచ్చాడు. మూస్ అంటే గుర్రాన్ని మించిన దుప్పి. ఒక్కటి పడిందంటే రెండిళ్లకి చలికాలమంతా మాంసం. నలుగురు అన్నదమ్ముల్లో మూస్ కొట్టనివాడు తానొక్కడే. ఈ జూన్‌లో చీటీ తీస్తే, ఇరవై రెండేళ్ల తర్వాత ఫెర్నాన్ పేరొచ్చింది. అక్టోబర్‌లో ఆరంటే ఆరు రోజులు, సోమవారం నుంచి శనివారం దాకా. ఒకసారి పేరొచ్చినవాడు తర్వాత కొన్నేళ్లు చీటీ వేయడానికే లేదు. ఈ ఏడు కాకపోతే ఇక కాదని ఫెర్నాన్‌కి లోలోపల గట్టిగా అనిపిస్తోంది. ఎందుకనిపిస్తోందో భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

జూలైలో అతనికి ఒక ఆపరేషన్ అయింది. హెర్నియా అని ఊళ్లో అందరికీ చెప్పాడు. మనమూ ప్రస్తుతానికి అలాగే అనుకుందాం. ఆగస్టులో అతని పికప్ గేర్‌బాక్స్ ప్రాణం విడిచింది. దాంతో చేతిలో పర్మిట్ ఉంది, కొట్టంలో ఏటీవీ ఉంది, రెండిటినీ అడవికి చేర్చే బండి లేదు. తీసుకెళ్తామని ముగ్గురు నలుగురు ముందుకొచ్చారు కూడా. కానీ రోజేర్ బంగాళాదుంపల తవ్వకం మధ్యలో వదిలేసి బురద బూట్లతోనే ఫెర్నాన్ ఇంట్లోకొచ్చి, "నేను తీసుకెళ్తా. పర్మిట్‌లో రెండో పేరు నాది రాయించు" అన్నాడు. అక్క మొగుడు అలా నిలబడి అడిగితే కాదనడం ఎలా? ఫెర్నాన్ సరేనన్నాడు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఊళ్లోవాళ్లు అతన్ని చావింట్లో మనిషిని పలకరించినట్టు పలకరించసాగారు.

ఆదివారం సాయంత్రం కట్టే కార్యక్రమం మొదలైంది. ఏటీవీని ట్రైలర్ మీదికి ఎక్కించి, బరువు ఇరుసుకి కాస్త ముందుకి పడేలా నాలుగు అంగుళాలు ముందుకి జరిపి, చూసి, అంగుళం వెనక్కి జరిపారు. పెట్రోలు మూత బిగించి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని, చక్రాలకి ముందూ వెనకా చెక్కదిమ్మలు పెట్టాడు రోజేర్. ఫెర్నాన్ సాయం చేద్దామని ఒక కొక్కేన్ని ఏటీవీ ముందున్న సామాన్ల కమ్మీకి తగిలించాడు.

రోజేర్ పని ఆపి అతని వంక చూశాడు. "నిన్నెవరైనా చెవి పట్టుకుని మోస్తే నీకెలా ఉంటుంది?"

"అందరూ అక్కడే తగిలిస్తారు బావా."

"అందరివీ రోడ్డు మీద పడ్డాయి. కమ్మీ సామాన్లకి, బండిని పట్టుకోడానికి కాదు. కింద చక్రం దగ్గరి చట్రానికి తగిలించు. బిగిస్తే స్ప్రింగు సగం దిగాలి. పైన ఎగురుతూ ఉంటే, ఎగిరినప్పుడల్లా పట్టీ వదులవుతుంది. పట్టీకి మధ్యలో ఒక మెలిక వెయ్యి, లేకపోతే గాలికి దారంతా ఏడుస్తుంది."

రెండు గంటలకి ఆరుగురు మేనత్తలూ బిగిశారు. మిగిలిన కొసల్ని చుట్టి ముడేశాడు. ర్యాంపుకి వేరే తాడు. పికప్‌కీ ట్రైలర్‌కీ మధ్య గొలుసులు ఒకదాని మీదొకటి కత్తెరలా వేసి తగిలించాడు. వెనక దీపాలు వెలుగుతున్నాయో లేదో చూడ్డానికి జెర్మేన్‌ని చలిలో నిలబెట్టి, "ఎడమ" అని అరిస్తే ఆవిడ "వెలిగింది" అని, "కుడి" అంటే "అదీ వెలిగింది, ఇక నేను లోపలికి పోనా" అని అరిచింది. ఫెర్నాన్ అలవాటు కొద్దీ సీటు మీద చరచడానికి చెయ్యెత్తాడు. రోజేర్ ఆ చేతిని మధ్యలోనే పట్టుకుని మెల్లగా దించాడు.

సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి ఫెర్నాన్ తయారై వస్తే రోజేర్ అవే పట్టీల్ని మొదట్నుంచి బిగిస్తున్నాడు. రాత్రి చలికి టైర్లలో గాలి ముడుచుకుంటుందట. టైరు ముడుచుకుంటే పట్టీ వదులవుతుందట. అరవై మైళ్ల దారి. తెల్లవారేలోపు చేరితే అడవి అంచున మేతకొచ్చిన మూస్ కనిపిస్తుంది. పొద్దెక్కితే లోపలికి పోతుంది. ఈ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. ఐదింటికి బండి కదిలింది. ఆరో మైలు దగ్గర ఆగింది.

"ఏమైంది బావా?"

"ఏం కాలేదు. ఏం కాలేదా లేదా అని చూడ్డానికే ఆగా."

రోజేర్ టార్చి పట్టుకుని దిగాడు. ఒక్కొక్క పట్టీనీ వేలితో మీటి, చెవి దగ్గరపెట్టి విన్నాడు. ఫెర్నాన్ కాసేపు కూర్చున్నాడు. తర్వాత, "ఎలాగూ ఆగాం కదా" అని తనకి తనే చెప్పుకుని, దిగి చెట్లవైపు వెళ్లొచ్చాడు. తిరిగొచ్చేసరికి రోజేర్ ఇంకా అవతలివైపు వంగి బ్లాంష్‌తో మాట్లాడుతున్నాడు. పన్నెండో మైలు దగ్గర మళ్లీ ఆగింది. పద్దెనిమిదో మైలు దగ్గర మళ్లీ. "ఎలాగూ ఆగాం కదా" అని ఫెర్నాన్ మళ్లీ దిగాడు. మొత్తం తొమ్మిది ఆగుళ్లతో ఎనిమిదింపావుకి అడవి చేరారు. అప్పటికే ఎవరో మూస్‌ని కొట్టి ఎదురొస్తున్నారు. ట్రైలర్ మీది కొమ్ములు చూసి ఫెర్నాన్ టోపీ కళ్లమీదికి లాక్కున్నాడు. రోజేర్ మాత్రం మెడ తిప్పి తిప్పి చూసి, "రెండే పట్టీలు" అని బాధపడ్డాడు.

మంగళవారం కాస్త ముందు బయల్దేరారు కాబట్టి, తెల్లవారుతుండగానే చేరారు. నరికేసిన అడవిలో, రెండు వందల గజాల్లో, బొమ్మ గీసినట్టు నిలబడి ఉంది మగ మూస్. ఫెర్నాన్ చప్పుడు కాకుండా తలుపు తీశాడు. మెల్లగా దిగి, పికప్ వెనక్కెళ్లి, తుపాకీ పెట్టె మీద చెయ్యి వేశాడు. పెట్టె కదల్లేదు.

"బావా," అన్నాడు గొంతు తగ్గించి, "తుపాకీ పెట్టెని కూడా కట్టావా?"

"కట్టక? చుట్టమా అది, పక్కన కూర్చోబెట్టుకోడానికి?"

రెండు ముళ్లు, వాటి మీద ఇంకో రెండు ముళ్లు. వేళ్లు చలికి కొయ్యబారాయి. ఇద్దరూ పెనుగులాడుతుంటే మూస్ నమలడం ఆపి కొంతసేపు వాళ్ల అవస్థ చూసింది. చూసి చూసి విసుగేసి, తోక తిప్పుకుని అడవిలోకి వెళ్లిపోయింది. ఫెర్నాన్ ఆ పెట్టె మీదే తల ఆనించి నిలబడిపోయాడు. ఇరవై రెండేళ్లు. ఏడవాలని ఉంది గానీ కళ్లు కూడా గడ్డకట్టాయి. రోజేర్ థర్మాస్ తెరిచి కాఫీ పోసిచ్చి, "పెట్టె మాత్రం చెక్కుచెదరలేదు చూశావా" అన్నాడు ఓదార్పుగా.

బుధవారం మంచు కలిసిన వాన. తడిస్తే పట్టీలు సాగుతాయని పదకొండు సార్లు ఆపాడు. గురువారం ఎండ. ఎండకి పట్టీలు ఆరితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు కాబట్టి అదీ చూడాలని మళ్లీ పదకొండు సార్లు ఆపాడు. నాలుగు రోజుల్లో ఫెర్నాన్‌కి దారిలోని ప్రతి పొదా పరిచయమైంది. మంగళవారం తర్వాత మూస్ వెంట్రుక కూడా కనిపించలేదు. గురువారం సాయంత్రం అక్కగారి వంటింట్లో కూర్చుని, ముందు పెట్టిన వేడి ప్లోయ్ అట్లు ముట్టుకోకుండా, రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు.

"అక్కా, ముప్ఫై ఎనిమిదేళ్లు ఈ మనిషితో కాపురం ఎలా చేశావే?"

"పెళ్లినాడే చెప్పాను, నా జోలికి పట్టీతో రావద్దని," అంది జెర్మేన్ ఇంకో అట్టు వేస్తూ. "తిను. చల్లారితే రబ్బరు."

"రెండు రోజులే ఉన్నాయి. నాకు మళ్లీ ఇలాంటిది రాదక్కా. నేను రేపు క్లోవిస్‌తో వెళ్తా."

 జెర్మేన్ ఏదో చెప్పబోయి, అట్టు తిరగేసి, "మీ బావకి నువ్వే చెప్పుకో" అంది. ఫెర్నాన్ చెప్పాడు. రోజేర్ గడ్డం గోక్కుని, "క్లోవిస్‌తోనా?" అన్నాడు. "వాడు ఆపడు కదరా" అన్నాడు. అందుకే వెళ్తున్నానని ఫెర్నాన్ అనలేదు గానీ, మొహం అన్నది.

క్లోవిస్ పక్క పొలంవాడు. నోరెంత వేగమో బండీ అంతే వేగం. శుక్రవారం పొద్దున ఏటీవీని ఒక్క ఉరుకులో ట్రైలర్ మీదికెక్కించి, రెండు పట్టీలు ఆ కమ్మీలకే తగిలించి, చరిచి, మంత్రం చదివి, నాలుగు నిమిషాల్లో బయల్దేరదీశాడు. ఫెర్నాన్‌కి స్వర్గం కనిపించింది. ఆరో మైలు దాటింది, బండి ఆగలేదు. ఎంత హాయి అనుకున్నాడు. పదో మైలు దాటింది. ఫెర్నాన్ కాలి మీద కాలు వేసుకున్నాడు. పన్నెండో మైలు దాటాక కాళ్లు మార్చాడు. క్లోవిస్ తన రెండో బావమరిది పెళ్లి గొడవ చెప్తూనే ఉన్నాడు. పద్నాలుగో మైలుకి ఫెర్నాన్ నుదుటి మీద చెమట పట్టింది. బండి ఒక గుంటలో పడి లేచింది.

"ఆపు," అన్నాడు ఫెర్నాన్.

"ఎందుకు?"

ఎందుకో చెప్పాలి.  "పట్టీలు చూడాలి" అన్నాడు. అనేసి, క్లోవిస్ నవ్వు మొదలుపెట్టేలోపే దూకి, చెట్లలోకి పరుగెత్తాడు.

తిరిగొచ్చేసరికి క్లోవిస్ ట్రైలర్ పక్కన నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. ఒక పట్టీ ఊడి నేల మీదికి వేలాడుతోంది. కమ్మీ వంగిపోయింది. ఏటీవీ జానెడు పక్కకి జరిగి, ఒక చక్రం అంచు మీద ఉంది. "ఇంకో గుంట తగిలితే వెనకొచ్చేవాడి నెత్తిన పడేది. నీకెలా తెలిసింది?" అన్నాడు క్లోవిస్. ఫెర్నాన్ ఏం చెప్తాడు? "తెలిసింది" అన్నాడు. ఇద్దరూ కలిసి కింద చట్రానికి తగిలించి కట్టారు. బయల్దేరారు. పన్నెండు నిమిషాలకి ఫెర్నాన్, "ఆపు. పట్టీలు" అన్నాడు. మళ్లీ పన్నెండు నిమిషాలకి, "పట్టీలు" అన్నాడు.

ఐదోసారి ఆపినప్పుడు క్లోవిస్ స్టీరింగు మీద తల కొట్టుకున్నాడు. "ఒరే, నువ్వు రోజేర్‌ని మించిపోయావురా. ఆయన కూడా ఇన్నిసార్లు ఆపడు."

"ఆపకపోవడమేంటి? ఆరు మైళ్లకోసారి."

"ఎవరు చెప్పారు? సెప్టెంబర్‌లో నా ట్రైలర్ పాడైతే నా ఏటీవీ ఆయన ట్రైలర్ మీదే కదా ఎనభై మైళ్లు తీసుకెళ్లింది. కట్టడానికి రెండు గంటలు నా ప్రాణం తీశాడు, నిజమే. దారిలో మాత్రం ఆరో మైలు దగ్గర ఒకసారి దిగి చూశాడు, సగం దారిలో ఇంకోసారి. అంతే. సాగేదంతా మొదట్లోనే సాగుతుందట, తర్వాత మాటిమాటికీ దిగడం పనిలేనివాళ్ల పని అన్నాడు."

ఫెర్నాన్ నాలుగు రోజుల ఆగుళ్లన్నీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

ఇక చెప్పక తప్పదు. జూలైలో అయింది హెర్నియా కాదు. అరవై దాటిన మగాళ్లకి అయ్యేది, మగాళ్లు ఒకరికొకరు చెప్పుకోనిది, ప్రోస్టేట్ ఆపరేషన్. అది అయిన దగ్గర్నుంచీ ఫెర్నాన్ పావుగంట మించి ఆపుకోలేడు, కుదురుగా కూర్చోలేడు. చర్చికి వెళ్లడం మానేశాడు. పేకాటకి వెళ్లడం మానేశాడు. తన బతుకు ఇలా తెల్లారిందేమిటా అని కొట్టంలో ఒంటరిగా కూర్చునేవాడు. పరువు పోతుందని నిన్నటిదాకా ఎవరితోనూ ప్రయాణం పెట్టుకోలేదు. రోజేర్‌తో ఒక్క మూస్ వేటకి తప్ప. నాలుగు రోజులు, రోజుకి నూట ఇరవై మైళ్లు తిరిగాడు. ఒక్కసారి కూడా నోరు తెరిచి బండి ఆపమని అడగాల్సిన అవసరం రాలేదు.

ఆ రోజు కూడా మూస్ కనిపించలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి రోజేర్ పికప్, ట్రైలర్ వాకిట్లో ఉన్నాయి. ఎవరూ రమ్మనలేదు. బండి పక్కన నిలబడి పట్టీలు దులుపుతున్నాడు.

"ఎలా జరిగింది?" అన్నాడు.

"వేగంగా."

"పట్టీలు?"

"ఒకటి ఊడింది బావా."

రోజేర్ కళ్లు మూసుకున్నాడు. ఎవరో పోయిన కబురు విన్నట్టు టోపీ కూడా తీశాడు. కాసేపటికి, "పద, ఎక్కించు. రేపు ఆఖరి రోజు" అన్నాడు.  ఫెర్నాన్ పోయి చెక్కదిమ్మలు అందించాడు. ఆ సాయంత్రం రోజేర్ చెప్పకముందే కొక్కేలన్నీ చట్రానికే తగిలించాడు.

శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా అడవి శ్మశానంలా ఉంది. ఒక కుందేలు, రెండు కాకులు. ఇక గంటన్నర వెలుతురు మిగిలింది. చివరి ప్రయత్నంగా కలప లారీలు తిరిగే ఇంకో మట్టిదారికి బండి తిప్పారు. ఇరవై రెండేళ్ల ఎదురుచూపు ఈ గంటన్నరతో చెల్లు అనుకుని ఫెర్నాన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆరో మైలు రాగానే బండి ఆగింది.

"ఫ్లోరిడా కాస్త వదులుగా ఉన్నట్టుంది," అన్నాడు రోజేర్, దిగుతూ.

ఫెర్నాన్ దిగి చెట్లవైపు నడిచాడు. పది అడుగులు లోపలికెళ్లి, నిలబడి, పని మొదలుపెట్టి, తలెత్తాడు. ఎదురుగా నలభై గజాల్లో మగ మూస్. చిన్నదే. ఒక కొమ్ము విరిగిపోయింది. రెండో కొమ్ముకి గడ్డి వేలాడుతోంది. కానీ మూస్. తుపాకీ బండిలో ఉంది, మంగళవారం తర్వాత దాని పెట్టెకి ఒక్క జారుముడే. బండి దగ్గర రోజేర్ ఇటు వీపు పెట్టి వంగి ఉన్నాడు. తను మధ్యలో ఆపగలిగిన స్థితిలో లేడు.

"బావా," అన్నాడు గుసగుసగా.

"కానీ, కానీ. తొందరేం లేదు," అన్నాడు రోజేర్ వెనక్కి తిరక్కుండానే.

"బావా. ఇటు తిరుగు."

"నేనెందుకు తిరుగుతాను? నేను పట్టీ చూసుకుంటున్నా. నువ్వు నిదానంగా రా."

"తిరుగు బావా, నీకు దణ్ణం పెడతా."

"అరవై తొమ్మిదేళ్లొచ్చాయి నాకు. ఎప్పుడు తిరగాలో ఎప్పుడు తిరక్కూడదో ఆ మాత్రం తెలుసు."

"మూస్," అన్నాడు ఫెర్నాన్. దాదాపు ఏడుపే అది.

రోజేర్ వీపు ఒక్కసారి నిటారుగా అయింది. అయినా తిరగలేదు. మొహం పక్కకి పెట్టుకునే, పెట్టె ముడి లాగి తుపాకీ తీసి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, వెనక నుంచి అందించాడు. అందుకోడానికి ఫెర్నాన్‌కి చెయ్యి ఖాళీ లేదు. ఈలోగా మూస్ నింపాదిగా పొదల మధ్య నుంచి పాత బండిదారి వెంట నడిచిపోయింది.

ఫెర్నాన్ బట్టలు సర్దుకుని ఒక మొద్దు మీద కూలబడ్డాడు.  "నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"జూలైలో. ఆస్పత్రి నుంచొచ్చి మా వంటింట్లో కుర్చీలో కూర్చున్నావు చూడు, అప్పుడే. హెర్నియా అయినవాడు అలా కూర్చోడు."

"మా ఆవిడ ద్వారా అక్కకి తెలిసిందేమో అనుకున్నా."

"దానికి తెలుసో లేదో నేనడగలేదు. నాకెవరూ చెప్పక్కర్లేదురా. నాలుగేళ్ల కిందట నాకు హెర్నియా అయిందన్నా గుర్తుందా? నేనూ అలాగే కూర్చున్నా." రోజేర్ గొంతు సవరించుకున్నాడు. "నాదీ ఈ రకం హెర్నియానే."

ఫెర్నాన్ తలెత్తి చూశాడు. రోజేర్ ఇంకా అటువైపే తిరిగి ఉన్నాడు.

"బావా, ఇక ఇటు తిరగొచ్చు."

రోజేర్ తిరిగాడు. తుపాకీ చేతిలో పెట్టి, "లే. దానికి తొందర లేదు. మనకే ఉంది" అన్నాడు.

ఇద్దరూ పాత దారి వెంట, తడి ఆకుల మీద, మాట్లాడకుండా నడిచారు. మూడు వందల అడుగుల తర్వాత దారి ఒక చిత్తడి నేల దగ్గర ఆగింది. మూస్ మోకాలి లోతు నీళ్ల ఒడ్డున నిలబడి వాళ్ల వంకే చూస్తోంది. ఫెర్నాన్ తుపాకీ భుజానికి ఆనించాడు. రోజేర్ పక్కనే కదలకుండా నిలబడి, చిన్నగా, "ఊపిరి వదిలి, అప్పుడు నొక్కు" అన్నాడు. ఫెర్నాన్ ఊపిరి వదిలాడు. ఒక్క గుండు సరిపోయింది. ఆ తర్వాత ఫెర్నాన్ నేల మీద కూర్చుండిపోయాడు. రోజేర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు, చాలాసేపు తియ్యలేదు.

ఏటీవీ దించి, దానితో మూస్‌ని ఈడ్చుకొచ్చేసరికి చీకటి పడింది. మూస్ ట్రైలర్ మీదికి, ఏటీవీ పికప్ వెనక్కి. అక్కడ రోజేర్‌కి జీవితంలో ఎన్నడూ రాని సమస్య వచ్చింది. మేనత్తలు ఆరుగురే, కట్టాల్సినవి రెండు. నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ తిరిగాడు.

"చచ్చిపోయింది బావా అది. దూకదు," అన్నాడు ఫెర్నాన్.

"బతికినదానికి ఎలా పట్టుకోవాలో తెలుసు. చచ్చినదే జారుతుంది." చివరికి ముగ్గురిని మూస్‌కి, ముగ్గురిని ఏటీవీకి కేటాయించాడు. అదీ మనసొప్పక, తన బెల్టు తీసి మూస్ కాళ్లకి కట్టాడు. ఇంటిదాకా దిగినప్పుడల్లా ఒక చేత్తో ప్యాంటు పట్టుకునే దిగాడు.

మొదటి ఆగుడు దగ్గర ఇద్దరూ దిగారు. రోజేర్ పట్టీల వైపు వెళ్లకుండా రోడ్డుకి ఆ పక్కకి వెళ్లాడు, ఫెర్నాన్ ఈ పక్కకి. మధ్యలో ట్రైలర్ మీద ఒంటి కొమ్ము మూస్.

"నీకు ఇప్పటికీ ఇలాగేనా?" అని చీకట్లోంచి అడిగాడు ఫెర్నాన్.

"లేదు. మొదటి ఏడు ఆరు మైళ్లే. రెండో ఏడు పన్నెండు. ఇప్పుడు నలభై దాకా పోతా," అన్నాడు రోజేర్ అవతలి నుంచి. "ఈ వారమంతా నీకు తోడుగా దిగా."

"పన్నెండు వస్తుందంటావా?"

"వస్తుంది. నాకు రాలేదూ."

 ఫెర్నాన్ జూలై తర్వాత మొదటిసారి వచ్చే ఏడాది గురించి ఆలోచించాడు. చర్చికి ఎంత దూరం, పేకాట జరిగే చోటు ఎంత దూరం అని లెక్క వేసుకున్నాడు. రెండూ పన్నెండు మైళ్లలోపే.

ఇంకో ఆరు మైళ్లకి బండి మళ్లీ ఆగింది. ఈసారి రోజేర్ దిగలేదు. ఇంజను ఆపలేదు. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చెయ్యి ప్యాంటు మీద పెట్టుకుని, ఎదురుగా రోడ్డు వంక చూస్తూ కూర్చున్నాడు.

"పట్టీలు చూడవా?" అన్నాడు ఫెర్నాన్.

"అవి బాగానే ఉన్నాయిరా. నువ్వు వెళ్లి రా."

ఫెర్నాన్ తలుపు తీసుకుని దిగి, వెళ్లి వచ్చాడు.